గ్రీన్‌హౌస్‌లో కుంపటి

జనవరి, గురువారం రాత్రి. ఉమ్ సలాల్, ఖతార్.

ఉత్తరపు గాలి ఎముకలు కొరుకుతోంది. విల్లా వెనుక చిన్న గ్రీన్‌హౌస్‌లో టమాట నారు చలికి చావకుండా నిన్న ప్రతి సందునూ టేపుతో మూశాను. సాయంత్రం తలుపు తీస్తే, నాతో పనిచేసే రాజన్న లోపల బొగ్గుల కుంపటి పక్కన దుప్పటి పరుచుకుని పడుకొని ఉన్నాడు.

"మూసిన జాగల బొగ్గులు పెడితే నిద్రలనే పాణం పోతది. లెవ్వు."

"మొక్కలు బతుకుతలేవా అన్నా? తల జర బరువున్నది, గంతే."

విషవాయువు అప్పటికే తలకెక్కుతోంది. అతణ్ణి బయటికి లాగి, గ్రీన్‌హౌస్ ప్లాస్టిక్ కప్పును నేనే నిలువునా చీల్చాను. తెల్లారేసరికి నారు మిగలదు. మా యజమాని కఫీల్‌కు జవాబు చెప్పుకుంటాను.

ఇప్పుడు గది కిటికీ తెరిచే ఉంచాను. పక్క మంచం మీద రాజన్న వణుకుతూ "మూయి అన్నా" అంటున్నాడు. మిగిలిన బొగ్గు ఎక్కడ దాచాడో మాత్రం చెప్పడం లేదు.