ఒక్క మనిషికి అంత బండా

అంత పెద్ద బండి మనిషికి అవసరమా అంటే, నాకూ తెలీదు నాయనా. నిన్న అలిపిరిలో నేను పనిచేసేకాడ కొత్త స్కార్పియోకి పూజ చేయించినారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది నేనే. చక్రం నా నడుము దాకా ఉండాది! లోపల మన వసారా అంత చోటు. వచ్చింది మాత్రం ఒక్క మనిషి, తడ దగ్గర రొయ్యల గుంటలుండే రాజారత్నం సారు.

"ఒక్కరికి ఇంత బండి ఎందుకు సార్?" అని అడిగేసినాను. అడిగినాక సిగ్గుతో చచ్చినాను. ఆయన నవ్వినాడు. "మా ఇంట్లో ఆమె గూడా అదే అడగతా ఉండాది రా. మీవాళ్ళు ఎవురన్నా ఉంటే చెప్పు, ఎక్కించుకుంటా" అన్నాడు. అవ్వ కంటి ఆపరేషన్ సంగతి చెప్పినాను. వచ్చే సోమవారం తిరపతికొస్తా దారిలో మన ఇంటికాడ ఆపి అవ్వని ఎక్కించుకుంటాడంట.

బండి మెట్టు శానా ఎత్తు, అమ్మని ముక్కాలిపీట బయట పెట్టమను. బర్రె ఈనిందా? చెల్లి బడికి పోతా ఉందా? అందరికీ నా దండాలు.

ఆటో కుదుపులకు భయపడే గదా అవ్వ ఇన్నాళ్ళూ ఆస్పత్రికి రానన్నది. దీంట్లో అయితే వస్తుందా నాయనా?

మునిప్రసాద్