బావ పంటిలోని పింగాణి ముక్క

హన్మకొండ,
20-1-1986

పూజ్యురాలైన సావిత్రక్కకు నీ తమ్ముడు సారంగపాణి దండం పెట్టి రాసేది. ఇక్కడ అమ్మ, నేను, నీ మరదలు నిర్మల మంచిగనే ఉన్నం. జగిత్యాలల నువ్వు, చంటిది పాణం మంచిగున్నరని తలుస్తున్న.

నీ ఉత్తరం అందింది. పంట్ల పెట్టిన పింగాణి ముక్క అంచు ఇరిగిందని రాసినవు. సకినాలు కొరుకుడు మానుమంటే ఇంటవా నువ్వు! పింగాణి అరగదక్కా, రంగు మారదు. గట్టిది కొరికితే మాత్రం పటుక్కుమంటది. చుట్టున్న సిమెంటు ఉమ్మికి కరిగి సందు వడుతది, అండ్లకెళ్లి పన్ను మళ్ల పుచ్చుతది. ఐదారేండ్లు ఆగితే మంచిగ ఆగినట్టే. జర అటు దిక్కు నమలకు. నువ్వొస్తే మా పండ్ల డాక్టర్ సాబ్ అచ్చు తీస్తడు, నేను కొత్తది కాల్చి ఇస్త.

ఇంకోటి అడిగినవు. "బావకు పెట్టినది ఆరేండ్లయినా చెక్కుచెదరలే, నా కండ్లతోని చూసిన" అని పోయిన ఉత్తరంల రాసిన. "రెండేండ్ల సంది మీరిద్దరు కలవనే లేదు, ఎప్పుడు చూసినవ్‌రా?" అన్నవు. నా చేతిపని మీద నాకున్న మిడిసిపాటు అక్కా, అది రాయించింది. పోస్టు డబ్బల ఏసినంక గని ఏం రాసిననో తెలిసిరాలే.

పోయిన ఆషాఢంల బావ బట్టల మూటతోని రైలెక్కి మళ్ల రాలే. డోర్నకల్ కాడ పట్టాల పక్క ఎవరిదో పీనుగ దొరికిందంటే నువ్వే నన్ను పంపినవు. మొఖం ఆనవాలు లేదు. పోలీసాయన ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకున్నడు. నేను పీనుగ నోరు తెరిచి చూసిన. కుడి దిక్కు, కింది పన్ను. యాదికుందా, ట్యూబ్‌లైటు కింద రంగు పోల్చి తప్పు చేసిన, పక్క పండ్లకన్న తెల్లగొచ్చింది. మళ్ల చేస్తనంటే, "ఉండనీ బావమర్దీ, నవ్వితే మెరుస్తది" అన్నడు. అదే ముక్క. ఒక్క గీత లేదు. అంచుల సందు లేదు.

"మీవోడేనా?" అన్నడు పోలీసాయన.

"కాదు సార్" అన్న.

నీకప్పుడు ఎనిమిదో నెల. అంతకు ముందు ఇద్దరు దక్కకపాయె. ఈ మాట ఇంటే చంటిది కూడ దక్కదని బుగులైంది. కాన్పయినంక చెప్దామనుకున్న. నువ్వు నిండుగ బొట్టు పెట్టుకొని, బిడ్డను ఒళ్లె పెట్టుకొని ఫోటో దిగి పంపితివి. ఇగ రాయనీకి నాకు చెయ్యి రాలే.

ఆయనను దిక్కులేని పీనుగని అక్కడనే పాతిపెట్టిండ్రు. దూరంకెళ్లి చూసిన గని, పిడికెడు మన్ను కూడ ఎయ్యలే. అదే రోజు నీకు "బావ కాదు" అని కార్డు రాసిన. తిట్టు, మొఖం చూడనను, పడ్త. పాపిష్టోన్ని.

మేడారం జాతరల బావ ఎత్తు బెల్లం తూచి అమ్మలకు బంగారమని ఇస్తే ఆయన ఇల్లు చేరుతడని మొక్కుకున్ననని రాసినవు, ఆయన బరువెంతో రాయుమన్నవు.

బెల్లం కొనకు అక్కా.

ఇట్లు,
బావను కాదన్న నీ తమ్ముడు
సారంగపాణి