ఆకుపచ్చ దారంతో కుట్టిన రిజిస్టరు గురించి

అంటువ్యాధుల నివారణ అధికారి గారి సముఖమునకు,

వైద్య కళాశాల లైబ్రరీలో పుస్తకాలు బైండింగు చేయువాడు, మూడో అంతస్తు చివరి వాటాలో ఒంటరిగా నివసించువాడు వినయముతో సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: కాంటాక్టుల ఫారంలో నేను "ఎవరూ లేరు" అని చెప్పినది అబద్ధమగుట; మూసిన నా ఫైలు తెరిచి, ఆ ఒక్క మనిషిని వెంటనే వెతికి హెచ్చరించవలసిందని కోరుట గురించి.

1. నాకు కరోనా సోకినట్టు రిపోర్టు వచ్చిన మర్నాడు తమ కార్యాలయం నుండి ఒక గుమాస్తా గారు ఫోను చేసి, గత కొద్ది రోజుల్లో నా దగ్గరకు వచ్చినవారి పేర్లు చెప్పమన్నారు. ఫారంలో పద్నాలుగు వరుసలు ఉన్నాయట. ఎవరూ లేరన్నాను. "ఒక్కరు కూడానా?" అన్నారు. ఒక్కరు కూడా అన్నాను. "అదృష్టవంతులండీ, మీ ఫారం రెండు నిమిషాల్లో అయిపోయింది" అని పెట్టేశారు. ఆయన అనుమానించకపోవడం ఆయన తప్పు కాదు. నా గొంతు వింటే ఎవరైనా నమ్ముతారు.

2. తెలియక చేసిన తప్పని మనవి చేసుకొనుటకు నాకు వీలు లేదు. ముప్పై ఒక్క ఏళ్లుగా వైద్య పత్రికలను ఏడాదికొక సంపుటంగా కుట్టడమే నా ఉద్యోగం. చదవమని నాకెవరూ చెప్పలేదు. కానీ పేజీలు వరుసగా ఉన్నాయో లేదో తిప్పి చూడకుండా సూది దించకూడదు, తిప్పుతూ తిప్పుతూ కళ్లు అక్షరాల మీద పడక మానవు. అర్థం కాని మాట వస్తే పక్క బల్ల మీది నిఘంటువు చూస్తాను. మాట్లాడేందుకు మనిషి లేని గదిలో అదీ ఒక కాలక్షేపమే.

3. కనుక నేను ఎరిగినది ఈ దిగువ విన్నవించుచున్నాను. ఈ జాతి వైరస్ మనుషుల్లో బయటపడింది అరవైలలో, మామూలు జలుబు చేసినవాళ్ల ముక్కుల్లో. పెద్ద మైక్రోస్కోపులో చూస్తే చుట్టూ ముళ్లు కిరీటంలా కనిపించాయని కరోనా అని పేరు పెట్టారు. ఆ రోజుల్లో జలుబు పరిశోధన కోసం జనం తమంతట తామే వచ్చి పది రోజులు విడిగా ఉండేవారట, ఇతరులకు ముప్పై అడుగుల దూరంలో. కొందరు అది సెలవులాగా ఉందని మళ్లీ మళ్లీ వచ్చేవారట. ఆ వ్యాసం కుడుతూ నవ్వుకున్నాను. నేను ఏ పరిశోధనా లేకుండానే ఏళ్ల తరబడి అలా ఉంటున్నాను, నన్నెవరూ పత్రికలో వేయలేదు.

4. తరువాత నలభై ఏళ్లకు అదే జాతిలోది ప్రాణాలు తీసే జబ్బుగా వచ్చింది. ఒక హోటల్లో ఒకే అంతస్తులో దిగినవాళ్లు, ఒకరి ముఖం ఒకరికి సరిగా తెలియనివాళ్లు, దాన్ని అంటించుకుని తలో దేశానికీ పోయారు. టీకా లేకుండానే దాన్ని ఏడాది తిరక్కముందే ఆపగలిగారు. ఎవరు ఎవరి దగ్గర కూర్చున్నారో అడిగి, రాసుకుని, వెతికి, విడిగా ఉంచారు. ఇంకో పదేళ్లకు ఒంటెల నుంచి మరొకటి వచ్చింది. ఇప్పటిది వీటన్నిటికంటే టక్కరిది. జ్వరం రావడానికి రెండు మూడు రోజుల ముందే, మనిషి నిక్షేపంగా తిరుగుతున్నప్పుడే, పక్కవాళ్లకు పోతుంది. ఇంతా చదివినవాణ్ణి పద్నాలుగు వరుసలూ ఖాళీగా వదిలాను. లోపల ఒక మడత కాగితాలు జారిపోయిన పుస్తకానికి పైన మంచి అట్ట వేసి ఇచ్చినట్టయింది.

5. జరిగినది ఏమనగా, సరిగ్గా పదిహేను రోజుల క్రితం బుధవారం మధ్యాహ్నం తమ శాఖ తరఫున ఇంటింటి జ్వరాల సర్వేకు ఒక ఆవిడ వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి, నీలం గొడుగు, ఒక చెప్పుకు పిన్నీసు. గుమ్మం బయటే నిలబడి ఇంట్లో ఎంతమంది, దగ్గు ఉందా, జ్వరం ఉందా అని అడిగింది. ఒక్కణ్ణే, లేదు, లేదు అన్నాను. వాన ఈదురుగాలితో వరండాలోకి కొడుతోంది. ఆవిడ తాను తడుస్తూ రిజిస్టరును కొంగు కింద దాచుకుంది. ఆ రిజిస్టరు నడుము విరిగి, కాగితాలు ఒక్కొక్కటే ఊడి వస్తున్నాయి. అయ్యా, అది చూసి ఊరుకోవడం నా వల్ల కాలేదు.

"లోపలికి వచ్చి కూర్చోమ్మా, ఐదు నిమిషాల్లో కుట్టి ఇస్తాను" అన్నాను.

"వద్దు బాబాయ్, ఇళ్లలోకి పోకూడదు మేము. తెలిస్తే పని పీకేస్తారు."

"ఆ కాగితాలు వానలో కొట్టుకుపోతే పీకరా?"

దానికి ఆవిడ నవ్వి లోపలికి వచ్చింది. ఐదు నిమిషాలు అన్నది కూడా అబద్ధమే. ఇరవై ఐదు పట్టింది. జల్లు కొడుతోందని కిటికీ మూసింది నేనే. ఆవిరికి కళ్లద్దాలు మసకేస్తున్నాయని మాస్కు తీసింది నేనే. ఆవిడ మంచినీళ్లు తాగడానికి తీసింది, మళ్లీ పెట్టుకోలేదు. సూదిలో దారం నాకు ఎక్కకపోతే ఆవిడే ఎక్కించి ఇచ్చింది. దూరం మూరెడు కూడా లేదు.

"పొద్దుట్నుంచి ముప్పై ఎనిమిది ఇళ్లు ఎక్కి దిగాను బాబాయ్. కూర్చోమన్నది మీరొక్కరే" అంది. ఇంట్లో అత్తగారు ఉబ్బసం మనిషని, రాత్రుళ్లు కూర్చునే నిద్రపోతుందని చెప్పింది. "మీకు మాట్లాడేవాళ్లు ఎవరూ లేరా?" అని అడిగింది.

"రేడియో ఉందమ్మా."

"రేడియో మనం చెప్పింది వినదు కదా."

వెళ్తూ, లోపలికి వచ్చిన సంగతి ఎవరికీ చెప్పొద్దంది. చెప్పనన్నాను. శనివారం పొద్దున నాకు జ్వరం వచ్చింది.

6. ఆవిడ ఉద్యోగం పోకూడదని నోరు మూసుకున్నానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. ఆవిడ ప్రతి బుధవారం ఈ వీధికి వస్తానని చెప్పింది. పేరు చెబితే విడిగా ఉంచుతారు, లేదా పనిలోంచి తీసేస్తారు, ఎలాగైనా మళ్లీ రాదు. జ్వరంతో మూలుగుతూనే రెండో కుర్చీ మీది పాత పత్రికలు తీసి కింద పెట్టాను. దీన్ని ఆఫీసు భాషలో ఎలా రాయాలో నాకు తెలియదు. ఆవిడ మళ్లీ రావాలని ఉండింది, అందుకని ఆవిడను హెచ్చరించకుండా వదిలేశాను.

7. మొదటి బుధవారం ఎవరూ రాలేదు. నిన్న వేరే కుర్రాడు వచ్చి కింద మెట్ల దగ్గర నుంచే కేకేసి అడిగాడు. ఇంతకుముందు వచ్చిన ఆవిడ ఏదని అడిగాను. "రావట్లేదండీ. ఎందుకో మాకు చెప్పరు" అన్నాడు. అతని చేతిలో కొత్త రిజిస్టరు ఉంది. కాంటాక్టులను విడిగా ఉంచే పద్నాలుగు రోజుల గడువు నిన్నటితో ముగిసింది. ఆవిడ నుంచి నాకు వచ్చిందో, బస్సులో ఎవరి దగ్గరో నాకు అంటి నా నుంచి ఆవిడకు పోయిందో నాకు తేలడం లేదు. నాకు తగ్గిపోయింది. కూర్చుని నిద్రపోయే ఆ పెద్దావిడ ఎలా ఉందో తెలియదు.

8. ఆవిడ పేరు నాకు తెలియదు. అయితే గుర్తించుటకు మార్గమున్నది. తమ కార్యాలయంలో పాత సర్వే రిజిస్టర్లు ఒకచోట ఉంచుతారు గదా. వాటిలో ఒకదాని నడుముకు ఐదు కుట్లు ఉంటాయి, ఆకుపచ్చ దారం, చివర రెండు ముళ్లు. మరెవరూ అలా వేయరు. అందులో ఎవరి చేతిరాత ఉందో ఆవిడే.

కావున తాము దయయుంచి ఆవిడను, ఆవిడ అత్తగారిని తక్షణం పరీక్ష చేయించవలెను. ఇంట్లోకి వచ్చినందుకు ఆవిడపై ఏ చర్యా తీసుకొనరాదు. పిలిచింది నేను, కిటికీ మూసింది నేను, దాచింది నేను. శిక్ష ఏదైనా ఉంటే నా చిరునామాకు పంపగలరు, నేను ఎప్పుడూ ఇంట్లోనే ఉంటాను. వాళ్లు క్షేమమని ఒక్క ముక్క తెలియజేస్తే చాలు. ఈ కాగితం వంతు వచ్చేదాకా బల్ల మీద ఉంచక, ఈ రోజే చిత్తగించవలెనని రెండు చేతులా వేడుకొనుచు,

తమ విధేయుడు,
పుస్తకాల బైండరు

తా.క. కాంటాక్టుల ఫారం కొత్తది తెప్పించుకుని మొదటి వరుస నింపి దీనికి జత చేశాను. పేరు: అడగలేదు. సమయం: ఇరవై ఐదు నిమిషాలు. దూరం: మూరెడు లోపు. మాస్కు: ఇద్దరికీ లేదు. "సంబంధం" అనే గడి దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఖాళీగా వదిలితే ఫారం చెల్లదని కింద అచ్చులో ఉంది. నన్ను బాబాయ్ అని పిలిచింది గనుక "కూతురు వరుస" అని రాశాను. అలా రాయడం తప్పయితే, ఆవిడనే అడిగి దిద్దించండి.