మార్పిడి చీటీ

దాల్విక్, ఉన్ని కొట్లోంచి
జనవరి 5, సోమవారం

చిరంజీవి తమ్ముడు స్తుర్లాకి,

అక్క హల్బెరా ఆశీస్సులు. అలవాటు కొద్దీ వేళ్ళు టైపు కొట్టేశాయి గానీ, ఈసారి వాటికి నువ్వు తగవు. మేమంతా క్షేమం. నువ్వెలా ఉన్నావని అడగను.

మంచుకి ఊళ్ళోకొచ్చే దారి మూసేశారు. బేరాల్లేవు. ఉన్ని చిలపల మధ్య కూర్చుని టకటకా కొడుతున్నాను. తప్పులుంటే దిద్దుకో, దిద్దడం నీకు సరదాయే కదా.

నీ క్రిస్మస్ పుస్తకం అందింది. మూడో ఏడూ అదే తంతు. లోపల పేరు లేదు, ఒక మంచి మాట లేదు. అట్ట మీద మాత్రం మార్పిడి చీటీ. పేరు రాస్తే కొట్టువాళ్ళు వెనక్కి తీసుకోరని నాకూ తెలుసు. నచ్చకపోతే మార్చుకు చావండి అనేగా? మార్చుకున్నాను. మొదటిది ఇచ్చేసి అల్లిక నమూనాల పుస్తకం తెచ్చుకున్నా. రెండోది ఇచ్చేసి వంటల పుస్తకం. నీవి పేరు కోసం అట్ట ఎత్తి చూశానే గానీ, లోపలి పేజీ ఒక్కటీ తిప్పలేదు. ఈ మూడోది మధ్యాహ్నం స్వావా పుస్తకాల కొట్టుకి పోతుంది.

ఎందుకో గుర్తులేదంటావేమో, చెప్తా విను. క్రిస్మస్ భోజనం గిన్నెలు తీసేయగానే మనింట్లో పుస్తకం చేతులు మారేది. ఒకరు చదవడం, మిగతావాళ్ళం అల్లుకుంటూ వినడం. అమ్మ పెట్టిన అలవాటు. మూడేళ్ళ కిందట మా ఆయన జెనోన్ వంతు వచ్చింది. పోలండ్ నుంచి వచ్చి పదకొండేళ్ళుగా చేపల ఫ్యాక్టరీలో నిలబడి పనిచేసే మనిషి, మన ఐస్లాండ్ భాషలో మొదటిసారి నలుగురి ముందు చదువుతున్నాడు. మన మాటల సంగతి నీకు తెలీనిదా? దారానికి గుచ్చిన ఎండు చేపల్లా ఒకదానికొకటి తగులుకుని మూరెడేసి ఉంటాయి. ఒక మాట దగ్గర ఆగాడు. మూడుసార్లు మొదలెట్టాడు. నువ్వేమన్నావు? బావా, ఇది చదవడమా, చేప ముళ్ళు ఏరడమా అన్నావు. అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావుగా అంటావు. నవ్వాను. నా వాటా సిగ్గు నేను పడుతూనే ఉన్నాను.

ఆయన పుస్తకం మెల్లగా బల్ల మీద పెట్టి, ముళ్ళు ఏరడం నా పని, చదవడం మీ పని అని లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మా ఇంట్లో పైకి చదివిన గొంతు లేదు. మా అమ్మాయి లోవాకి తొమ్మిదేళ్ళొచ్చాయి. బళ్ళో టీచరు చదవమంటే నోరు విప్పదట. ఏమే, నోరు పడిపోయిందా అని నేనడిగితే, తప్పు చదివితే మామయ్య నవ్వినట్టు నవ్వుతారుగా అంది. వింటున్నావా? మూడు కాదు, ముప్పై పుస్తకాలు పంపినా ఆ పిల్ల గొంతు తిరిగి రాదు. ఇకమీదట పంపకు.

నీ అక్కనని చెప్పుకోవడం మానేసిన
హల్బెరా

తా.క. (మంగళవారం) ఉత్తరం పంపకముందే నిన్న స్వావా కొట్టుకెళ్ళాను. పుస్తకం తిప్పి చూసి, ఇది తీసుకోలేనే తల్లీ, లోపల రాతలున్నాయి అంది. పేరే రాయనివాడు ఇంకేం రాస్తాడని తెరిచాను. పొడుగు మాటలన్నిటికీ సన్నటి పెన్సిల్ గీతలు. ఎక్కడ విరవాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో. మొదటి పేజీ నుంచి మూడొందల పన్నెండో పేజీ దాకా. ముందటివి రెండూ ఇంతేనట. అప్పుడే చెప్పొచ్చుగా అన్నాను. నీ మొహం చూస్తే నోరు రాలేదు, వాటిని చూస్తే అమ్మబుద్ధి కాలేదు అంటూ బల్ల కింద నుంచి రెండూ తీసిచ్చింది.

జెనోన్ చేతిలో పెట్టాను. గీతల మీదుగా వేలు పోనిచ్చాడు. తర్వాత గొంతు సవరించుకుని పైకి చదివాడు, ఏడు పేజీలు. ఎనిమిదో పేజీలో ఆగి పెద్దగా నవ్వాడు. మీ తమ్ముడు ఈ మాట తప్పు చోట విరిచాడే అన్నాడు. లోవా పుస్తకం లాక్కుని, అవును నాన్నా, మామయ్యకే చదవడం రాదు అని, ఆ వాక్యమంతా గట్టిగా చదివి వినిపించింది.

కోపం పోయిందనుకోకు. పైన రాసిన దాంట్లో ఒక్క ముక్క కొట్టెయ్యను. దారి తెరవగానే వచ్చి ఆ ఎనిమిదో పేజీ నువ్వే చదువు. మేం అల్లుకుంటూ కూర్చుంటాం. నవ్వుతాం.