మిగిలిన నీళ్లు ఎటు పోతున్నాయి?

ముడిమ్యాల, బుధవారం

తమ్ముడు నర్సింలు నన్ను నలుగురిలో నీళ్ల దొంగ అన్నాడు. ఏళ్లు గడిచినా ఆ మాట నాకు అరగలేదు. బోరు ఇద్దరిదీ, వంతులేసుకుని వాడుకుంటాం. నా వంతు రోజున నా జామ చెట్లకు పాదులు నిండేదాకా పెడతాను. అది దొంగతనమా?

చెట్టు ఎన్ని నీళ్లు తాగుతుందో తన చదువు కోసం కొలుస్తున్న వ్యవసాయ కాలేజీ పిల్ల ఇవాళ వచ్చి, నా జామ చెట్టు మొదలుకు తను కట్టిన మిషన్ డబ్బా చూసుకుంది.

"తాతా, నువ్వు పెట్టే నీళ్లల్ల చెట్టు తాగేది సగమే."

"నా చెట్ల దూప నాకంటే నీ డబ్బాకు ఎక్కువ ఎర్కనా?" అన్నాను.

"కోపమెందుకు తాతా? మిగిలినయి భూమిలకు దిగుతున్నయి."

"దిగి ఎటు పోతున్నయి?"

"పల్లం దిక్కు పోతుండొచ్చు. చూసి చెప్త."

పల్లంలో ఉన్నది నర్సింలు మామిడి తోట. ఎండాకాలం బోరు సన్నబడ్డా అది పచ్చగానే ఉంటుంది. అంటే ఇన్నేళ్లూ వాడి చెట్లకు నీళ్లు పెట్టింది నేనా? లేక అక్కరలేని నీళ్లు తోడి, వాడి వంతు నాటికి బోరు ఎండగొట్టానా? కూర్చుంటే ఒకటి నిజమనిపిస్తుంది, లేస్తే ఇంకొకటి. తక్కువ పెడితే దొంగనని ఒప్పుకున్నట్టే. నిండా పెడితే...

సోమవారం మళ్లీ నా వంతు. ఆ పిల్ల ఆదివారం లోపల చెప్పి తీరాలి. వాల్వు సగం తిప్పాలా, నిండా తిప్పాలా?