గట్టు మీద జనం

నర్రవాగు బొగ్గుబాయి లైన్లు,
లక్సెట్టిపేట తాలూకా,
డిసెంబరు 1961.

ఖానాపూర్‌లో ఉన్న అవ్వకు, కొడుకు దశరథం కాళ్ళు మొక్కి రాసేది. ఇక్కడ నేను వేళకు తింటున్నాను, పండుకుంటున్నాను, ఒంట్లో బాగుంది. అక్కడ నువ్వూ చెల్లె సక్కూ కూడా సుఖంగా ఉన్నారని నమ్మి ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. సక్కూ, ముందు నీకొక మాట. అవ్వకు చదివి వినిపించేటప్పుడు తొందరపడకు. ఇరుగుపొరుగు వాళ్ళు లేనప్పుడు చదువు. మధ్యలో ఒకచోట ఆగమని రాస్తాను, అక్కడ ఆగు.

అవ్వా, నువ్వు అడిగినవాటికి జవాబులు. దగ్గు తగ్గింది. మన లచ్చయ్య చేత పంపిన చింతకాయ తొక్కు అందింది. సగం జాడీ దారిలో వాడే నాకేశాడని నా అనుమానం. అడిగితే "దేవుని తోడు, మూత సుత తియ్యలే" అన్నాడు. మూతి తుడుచుకోవడం మాత్రం మరిచిపోయాడు. వేములవాడ ఎప్పుడు పోదాం, రాజన్నకు మొక్కిన కోడె ఎప్పుడు కడదాం అని అడిగావు. దానికి జవాబు చివర్లో చెబుతాను.

"ఆటకు పోతుంటే ఆడోళ్లు ఇంకా నీ కాళ్లకు నీళ్లారబోస్తున్నరా బిడ్డా" అని కూడా అడిగావు. ఆ ఒక్క మాటకే ఇంత పెద్ద ఉత్తరం రాయాల్సి వస్తున్నది.

సక్కూ, బాపు పోయి మనం ఈ లైన్లలో కంపెనీ ఇల్లు ఖాళీ చేసినప్పుడు నువ్వు చిన్నపిల్లవు, నీకు గుర్తుండదు. ఇక్కడ ఫుట్‌బాల్ ఆటంటే ఒక పండుగ. మా పదకొండు మందిమీ లైన్ల మధ్య నుంచి నడిచి పోతుంటే, ప్రతి గడపలో ఒక ఆడమనిషి కడవ పట్టుకొని నిలబడేది. పీర్ల పండుగకు పీర్లు లేచినప్పుడు పోసినట్టు మా కాళ్ళ మీద నీళ్ళు కుమ్మరించేది. మొదటి కడవ ఎప్పుడూ నాగవ్వదే. ఇద్దరు కొడుకులను బాయికి పంపి, పొద్దంతా గడపలో కూర్చునే ముసలమ్మ. మా ముందర మొండయ్య డప్పు. గ్రౌండు పక్కన బాయి మట్టి పోసిన గట్టు ఉంది కదా, పొద్దటి పాళీ పని ముగిసిన వాళ్ళు మొహాలు కూడా కడుక్కోకుండా వచ్చి ఆ గట్టు మీద కూర్చునేవాళ్ళు. నేను గోలు కాసేవాణ్ణి, గట్టు సరిగ్గా నా వెనకే. తిరిగి చూడకపోయినా ఎంతమంది వచ్చారో నాకు చప్పుడును బట్టి తెలిసేది.

నిరుడు మాకు బూట్లు వచ్చాయి. పట్నం జట్లన్నీ బూట్లేసుకుంటున్నాయి, వట్టికాళ్ళతో ఆడితే పోటీలకు రానియ్యరు అన్నాడు మా సెక్రెటరీ లింగమూర్తి. మంచి మనిషే, కానీ కొత్త వస్తువు కంటబడితే పాత మనుషులు కనపడరు. బూట్లకు నూనె రాసి మెరిపించి, తోలు తడిస్తే బిగుసుకుపోతుంది, ఎవరినీ నీళ్ళు పొయ్యనియ్యకండి అని గట్టిగా చెప్పాడు. మేం సరే అన్నాం. ఆ ఆదివారం నాగవ్వ కడవ వంచబోతే నేను టక్కున పక్కకు జరిగాను. "వద్దవ్వా, బూట్లు ఖరాబయితయి" అన్నాను. నీళ్ళు మట్టిలో పడ్డాయి. ఆమె ఖాళీ కడవ చంకన పెట్టుకొని లోపలికి పోయింది. మా వాళ్ళు కొందరు నవ్వారు, నేనూ నవ్వాను.

ఆ బూట్లతో ఉరకడం మాకు చేతకాలేదు. అలవాటయ్యే లోపలే వరుసగా ఓడాం. మొదట్లో గట్టు మీది వాళ్ళు తిట్టారు. అబ్బో, ఏం తిట్లు! "దశరథం, బంతి నీ మేనమామ బిడ్డనా, పట్టుకోనీకి సిగ్గువడుతున్నవ్?" అని ఒకడు అరిస్తే గట్టు గట్టంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. మళ్ళీ ఓడాం. తిట్లు తగ్గాయి. తిట్లు తగ్గితే మంచిదే కదా అనుకున్నాను, ఎంత తెలివితక్కువ! తిట్టేవాడికి ఇంకా మన మీద ఆశ ఉంటుంది. తర్వాత వాళ్ళు రావడమే మానుకున్నారు. నీళ్ళ కడవలు ఎప్పుడో ఆగిపోయాయి, డప్పూ ఆగిపోయింది. గట్టు మీద మేకలు మేస్తున్నాయి.

నా పని ఏమిటో నీకు తెలుసు. ఆట పుణ్యాన బాయి పైన దీపాల గదిలో కూర్చున్నాను. దిగేవాళ్ళు వచ్చి ఇత్తడి బిళ్ళ ఇస్తారు, నేను దీపం ఇస్తాను. పైకి వచ్చి దీపం ఇస్తే బిళ్ళ తిరిగి ఇస్తాను. ఇదివరకు ఆ కిటికీ దగ్గర ఒక్కొక్కడు నిలబడి ఆట గురించి మాట్లాడి వెనక వాళ్ళ చేత తిట్లు తినేవాడు. ఇప్పుడు బిళ్ళ పెట్టి దీపం తీసుకొని పోతున్నారు, నా మొహం చూడటం లేదు. ఒక రోజు ఎవడో వెనకనుంచి "ఆట రాకున్నా నీడపట్టున కూసునుడు వచ్చు" అన్నాడు. అది నిజమే కాబట్టి ఎక్కడో గుచ్చుకున్నది.

పోయిన నెలలో మేనేజరు దొర మమ్మల్ని పిలిచాడు. "ఎవరూ చూడని ఆటకు బాయి పైన పనులు ఎందుకివ్వాలి? వచ్చే ఆదివారం కాజీపేట జట్టు వస్తున్నది. ఆ రోజు కూడా గట్టు ఖాళీగా ఉంటే జట్టు బందు. మీరంతా బాయిలో దిగాలి, ఇష్టం లేనివాళ్ళు పోవచ్చు" అన్నాడు. గెలవమనలేదు అవ్వా, జనాన్ని చూపించమన్నాడు. గెలవడం మా కాళ్ళ చేతిలో ఉన్నది. జనం ఎవరి చేతిలో ఉన్నారు?

నాకు వెంటనే నువ్వే గుర్తొచ్చావు. బాపును బాయి కప్పు కూలిన చోటునుంచి తెచ్చి పడుకోబెట్టిన రోజు నా చెయ్యి నీ నెత్తిన పెట్టుకొని, "నువ్వు బాయిల దిగితే నా పీనుగను జూసినట్టే" అన్నావు. నేను పైననే బతికితే ఏటేటా రాజన్నకు కోడె కడతానని మొక్కుకున్నావు. నేరుగా మొండయ్య ఇంటికి పోయాను.

బాపుతో కలిసి ఒకే చోట బొగ్గు తవ్విన మనిషి కదా, నా మాట కాదనడు అనుకున్నాను. వాకిట్లో కూర్చొని బీడీ కాలుస్తున్నాడు. డప్పు గోడకు వేలాడుతున్నది. నేను సంగతంతా చెప్పి, "మొండయ్య కాకా, నువ్వు డప్పు వడితే లైన్లన్నీ కదుల్తయి. ఈ ఒక్కపారి రా" అన్నాను.

"ఓడుతున్నరని మేం రాకుంట ఉంటలేం దశరథం" అన్నాడు. "ఓడుడు మాకు కొత్తనా? బాయిల పొద్దుమాపు ఓడుతనే ఉంటం. మీరు గెలిస్తే మేం గెలిచినట్టు, ఓడితే మేం ఓడినట్టు, గంతే అనుకున్నం. ముసల్ది కడవ ఎత్తుకొస్తే పక్కకు జరిగినవ్ సూడు, గప్పుడు తెలిసింది మీరు వేరే, మేం వేరే అని. డప్పు సల్లబడ్డది బిడ్డా. మల్ల కాగబెట్టనీకి నా తాన నిప్పు లేదు."

"తప్పయింది. గదంత నా నౌకరి కొరకు అడుగుతలేను. అవ్వకు మాటిచ్చిన" అన్నాను.

"బాయిల దిగే నా ఇద్దరు తమ్ములు గూడ ఒక అవ్వ కన్నోళ్ళే" అన్నాడు.

లేచి వచ్చేశాను. ఇల్లిల్లూ తిరిగాను. కొందరు చూద్దామన్నారు, కొందరు తలుపు సందులోంచే పని ఉందన్నారు. ఎవరూ కసురుకోలేదు, దానికే నాకు భయం వేసింది.

ఆదివారం నాడు బూట్లు మెడలో వేసుకొని వట్టికాళ్ళతో నడిచాను. నన్ను చూసి మిగతావాళ్ళూ విప్పారు. లింగమూర్తి పళ్ళు కొరికాడు. గడపలన్నీ ఖాళీ. నాగవ్వ మాత్రం ఇంటి ముందర కూర్చొని బియ్యం ఏరుతున్నది. నేను ఆమె ముందు ఆగాను. "అవ్వా, వట్టికాళ్ళతోటి వచ్చిన" అన్నాను. ఆమె నా కాళ్ళు చూసింది, తర్వాత మొహం చూసింది. "నల్లా రాలే బిడ్డా, నీళ్లు లెవ్వు" అని మళ్ళీ చేట మీదికి వంగింది. ఆమె వెనక తొట్టి నిండుగా కనపడుతూనే ఉన్నది.

వట్టికాళ్ళతో ఆడనియ్యరు కాబట్టి మైదానం చివర బూట్లు తొడుక్కున్నాం. మైదానం చివర బూట్లు తొడుక్కున్నాం. ఆ రోజు మా వాళ్ళు నిజంగా ప్రాణం పెట్టి ఆడారు. చాలాసేపు ఒక్క గోలూ పడలేదు. నేను మాత్రం బంతిని కాక నా వెనకున్న గట్టును వింటున్నాను. ఎవరైనా దగ్గుతారేమో, ఎవరైనా ఈల వేస్తారేమో అని చెవులు రిక్కించాను. మేక అరిచింది. దొర కుర్చీలో కదిలి వాచీ చూసుకున్నాడు. కాజీపేటవాడు దూరం నుంచి తన్నిన బంతి నేల మీద మెల్లగా దొర్లుకుంటూ వచ్చింది, పసిపిల్లవాడైనా ఆపుతాడు. అది నా చేతుల కిందినుంచి పోయింది. నేను బోర్లా పడి అట్లాగే ఉన్నాను. ఎవడైనా నా మేనమామ బిడ్డ పేరెత్తి తిడితే బాగుండనిపించింది. ఎవరూ తిట్టలేదు. ఆ ఒక్క గోలుతోనే ఓడాం.

సక్కూ, ఇక్కడ ఆగు. అవ్వను కూర్చోబెట్టు. మంచినీళ్ళు ఇవ్వు. ఆమె చెయ్యి పట్టుకొని తర్వాత చదువు.

అవ్వా, జట్టు బందయింది. నేను బాయిలో దిగాను.

నీకు చెప్పకుండా దిగాను. చెబితే వద్దంటావు, వద్దంటే దిగలేను. పని వదులుకొని ఖానాపూర్ వద్దామంటే మనకు అక్కడ గుంటెడు భూమి లేదు, ఎవరి ఇంట్లోనో జీతం ఉండాలి. మా పదకొండు మందిలో కొందరు పోయారు. నేను పోలేదు. దానికి ఇంకో కారణం కూడా ఉన్నది, అది నీకు సరిగా చెప్పగలనో లేదో తెలియదు. ఇన్నేళ్ళు వేరేవాళ్ళ చేతికి దీపం ఇచ్చి పంపాను. మొండయ్య అన్న మాట తర్వాత ఆ కిటికీ వెనక కూర్చోవడం నాకు కష్టమయింది.

మొదటి రోజు అదే కిటికీ దగ్గర బిళ్ళ పెట్టి దీపం తీసుకున్నాను. భయపడలేదని అబద్ధం రాయను. వాలులో నడుస్తుంటే వెనకనుంచి వెలుతురు చిన్నదై చిన్నదై పోయింది. బొగ్గు దగ్గరికి చేరేసరికి మొండయ్య ఎదురొచ్చాడు. పని పంచే సర్దారును అడిగి నన్ను తన పక్కకు వేయించుకున్నాడట. పలకరింపు లేదు, పాత మాటలు లేవు. చేతి కర్రతో నెత్తి మీది కప్పు తట్టాడు. "ఇను. గిట్ల గట్టిగ మోగితే ఫికర్ లేదు. బోలుగ మోగిందనుకో, సామాను ఇడిసిపెట్టి ఎన్కకు ఉరుకు, నా కొరకు సూడకు" అన్నాడు. నా చేత కూడా తట్టించాడు. ఎక్కడ తట్టాలో, ఎంతసేపు వినాలో చూపించాడు. ఆట ఉన్న రోజుల్లో నా ముందర డప్పు కొట్టిన చెయ్యే అది. పాళీ అయ్యేవరకు తట్టి చూడనిదే నన్ను ఒక్క అడుగు ముందుకు వెయ్యనియ్యలేదు.

పాళీ దిగి పైకి వచ్చాను, దీపం ఇచ్చి బిళ్ళ తీసుకున్నాను. లైన్లకు పోయే దారి గట్టు పక్క నుంచే కదా. తల ఎత్తి చూస్తే గట్టు మీద జనం.

ఆట లేదు, బంతి లేదు, ఎదురు జట్టు లేదు. వేరే పాళీల వాళ్ళు, వాళ్ళ ఆడవాళ్ళు, నన్ను తిట్టినవాళ్ళు, తలుపు సందులోంచి మాట్లాడినవాళ్ళు అందరూ బాయి దిక్కు చూస్తూ కూర్చున్నారు. బాపు పోయిన బాయిలో కొడుకు దిగాడని పొద్దున్నే తెలిసిందట. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు, ఈల వెయ్యలేదు. ఎవడో "అగో, వచ్చిండు" అన్నాడు. అంతే, లేచి బట్టలు దులుపుకొని ఎవరిండ్లకు వాళ్ళు బయలుదేరారు.

నాగవ్వ మాత్రం దిగి దారికి అడ్డంగా వచ్చింది. చంకలో కడవ. నా ముందు నిలబడి, "ఇయ్యాల నీళ్లు పొయ్యొచ్చునా బిడ్డా?" అని అడిగింది.

అవ్వా, నేను తల ఊపాను. ఆమె కడవ వంచింది. నా కాళ్ళ మీదినుంచి నల్లటి నీళ్ళు పారాయి. అంతమంది ముందర చిన్నపిల్లవాడిలాగా ఏడ్చాను.

నీ మాట తప్పాను. కోపం వస్తుంది, తిట్టు. సక్కూ, అవ్వ ఎట్లా తిడితే అట్లాగే రాయి, మెత్తగా మార్చకు. ఆమె ఏమీ అనకుండా ఊరుకుంటే మాత్రం నేను తట్టుకోలేను.

కోడె మొక్కు సంగతి. శివరాత్రికి సెలవు అడిగాను, వేములవాడ పోదాం. నేను బాయిలో దిగకుండా చూడమని మొక్కావు, ఆ మొక్కు చెల్లలేదు. ఇప్పుడు నువ్వు మార్చి మొక్కాలి, దిగినవాడు రోజూ పైకి రావాలని. నా ఒక్కడి పేరే చెప్పకు. మొండయ్య పేరు చెప్పు, నాగవ్వ కొడుకుల పేర్లు చెప్పు. గట్టు మీద కూర్చున్నవాళ్ళందరి పేర్లు నాకు తెలుసు, గుడి వాకిట్లో నీ చెవిలో ఒక్కొక్కటే చెబుతాను.

ఇట్లు, నీ తిట్ల కోసం ఎదురుచూసే
కొడుకు,
దశరథం