ధోతీల ఫంక్షన్

దేవరుప్పుల,
బుధవారం.

కాటారంలో ఉన్న దుర్గయ్య బావకు, నీ చెల్లెల్ని చేసుకున్న బిక్షం రాసేది.

ఫోన్‌లో చెబితే మధ్యలోనే అరుస్తావు, అందుకే రాస్తున్నాను. రాత్రిబడి చదువు నాది, తప్పులుంటే సర్దుకో. నీ చెల్లెలు సత్తమ్మ వాకిట్లో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. జనగామలో ప్రైవేటు దవాఖానలో చేర్పించాం. మన ఆరోగ్యశ్రీ కార్డు అక్కడ చెల్లదన్నారు. సోమవారం ఆపరేషన్, ఆలోపు డబ్బు కట్టాలి. పత్తి అమ్మింది పరీక్షలకే అయిపోయింది.

నువ్వు పంపకు. పంపితే తిప్పి పంపుతా. ఒకరింట్లో చాయ్ తాగితే సాయంత్రం వాళ్లను పిలిచి తాగించేవాణ్ణి, నీకు తెలుసు. అందుకే ఒకటి ఆలోచించాను. ఆదివారం మనుమడు చైతన్యకు ధోతీల ఫంక్షన్ పెట్టాను. టెంటు, మైకు చెప్పేశాను. ఊళ్లో ఎవరి ఫంక్షనైనా పోయి చదివించి వచ్చినవాణ్ణి. ఇప్పుడు నేను పెట్టిందే నాకు తిరిగొస్తుంది. అది బిచ్చం కాదు.

దవాఖాన సంగతి ఊళ్లో చెప్పలేదు. చెబితే జాలిపడి ఇస్తారు, అది నాకొద్దు. సత్తమ్మ ఏదని అడిగితే మీ ఇంటికి పోయిందన్నాను. కనుక నువ్వు ఫంక్షన్‌కు రాకు. వచ్చావంటే నా పరువు పోతుంది.

ఇట్లు,
బిక్షం (సంతకమే, వేలిముద్ర కాదు)


జనగామ,
మంగళవారం.

బావా,

ఆపరేషన్ అయింది. నీ చెల్లెలికి తెలివి వచ్చింది, నోరు కూడా వచ్చింది. నా మనసే ఒక దగ్గర నిలవడం లేదు.

ఆదివారం బాగానే మొదలైంది. మా ఊరి మహీధర్ మైకులో ఒక్కొక్కరి పేరు, వాళ్లిచ్చిన పైసలు చదువుతున్నాడు. అప్పుడు మా పక్కింటి గంగి వచ్చింది. మొగుడు లేడు, పిల్లలు లేరు, కూలికి పోతుంది. ఆమె ఇంట్లో ఏ ఫంక్షనూ జరగలేదు, నేను ఏమీ చదివించలేదు. నాకు ఆమె బాకీ లేదు. కొంగుముడి విప్పి పైసలు తీసి, “పిల్లగానికి కాదు, సత్తమ్మ వదినె కాలుకు అని చదువు,” అంది. మైకు ఊరంతా పలికింది.

“నీకెవరు చెప్పిండ్రు?” అని అరిచాను.

“నీ కోడలు రోజూ క్యారియర్ పట్టుకొని జనగామ బస్సెక్కుతాంది. కాటారం గటు ఉన్నదా అన్నా?”

టెంటంతా నవ్వింది. అంటే అందరికీ తెలుసు. తెలిసీ నా పరువు కోసం తెలియనట్టు అన్నం తింటున్నారు. నాకు ఒళ్లు మండింది. మైకు గుంజుకున్నాను. “అవును, నా పెండ్లాం దవాఖానల ఉన్నది. పైసల కోసమే పెట్టిన ఈ ఫంక్షన్. ఇష్టం లేనోళ్లు ఇచ్చింది తీస్కపోండ్రి!” అన్నాను. ఎవరూ తీసుకోలేదు. ఒకసారి చదివించినవాళ్లే మళ్లీ వరుసలో నిలబడ్డారు. నేను ధోతీల కుప్ప వెనక్కి పోయి కూర్చున్నాను బావా, మొహం చూపించలేక.

సత్తమ్మ మాత్రం ఊళ్లో అబద్ధం చెప్పినందుకు కాదు, “నేను లేకుంట నా మనుమనికి ధోతి కట్టిస్తవా?” అని తిడుతోంది.

మిగతావాళ్లది ఎప్పుడో ఒకప్పుడు వాళ్ల ఇళ్లలో చదివించి తీరుస్తా. గంగిది ఎక్కడ చదివించాలి? ఆమె ఇంట్లో ఫంక్షనే ఉండదు. అదే సత్తమ్మను అడిగాను.

“ఏం పెట్టకు. ఆమె ఇంటికి పొయ్యి చాయ్ తాగిరా. తాగి ఊకో,” అంది.

మళ్లీ పిలిచి తాగించకుండా ఊరుకోవడం నాకు వస్తుందా? రేపు ఊరికి పోతున్నాను, చూస్తా. నువ్వు వెంటనే రా. మీ ఇంటికి పోయిందన్న అబద్ధం ఇక లేదు.

నీ బావ,
బిక్షం